సోడియం రెండో ఎలక్ట్రాన్‌ను ఎందుకు వదలదు?

అందరికీ నమస్కారం. ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే పరమాణువులో ఎలక్ట్రాన్లు ఏ వరసలో సర్దుకున్నాయో చెప్పే లెక్క అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఏటవాలు బాణాలు గీసిన పట్టిక, 1ఎస్, 2ఎస్, 2పి, 3ఎస్ అంటూ పరీక్షకు ముందు బట్టీ పట్టిన వరస. ఆ పట్టికను కాసేపు పక్కన పెడదాం. అది ఎవరో కూర్చుని పెట్టిన నియమం కాదు, ప్రయోగశాలలో కొలిచిన అంకెల్లోంచి బయటపడిన సంగతి. ఆ అంకెల్ని ఒక్కసారి శ్రద్ధగా చూస్తే బట్టీ పట్టే పని చాలావరకు తప్పుతుంది.

ముందు పరమాణువు సంగతి గబగబా చెప్పేస్తాను. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించాడు. ప్రోటాన్‌తో పోలిస్తే దాని ద్రవ్యరాశి 1836వ వంతు మాత్రమే. 1909లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేస్తున్న గైగర్, మార్స్‌డెన్ పల్చని లోహపు రేకుల మీదికి ఆల్ఫా కణాలను, అంటే ధనావేశం ఉన్న కణాలను వదిలితే దాదాపు అన్నీ దూసుకుపోయాయి గానీ ఏ కొన్నో వెనక్కి తిరిగొచ్చాయి. అలా తిరిగి రావాలంటే లోపల బరువంతా, ధనావేశమంతా ఒక చిన్న చోట ఇమిడి ఉండాలని 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చాడు. అదే కేంద్రకం. పరమాణువు అడ్డుకొలతలో అది పదివేలవ వంతు కూడా ఉండదు, కానీ ద్రవ్యరాశిలో 99.9 శాతం పైగా అక్కడే ఉంటుంది. న్యూట్రాన్‌ను చాడ్విక్ 1932లో కనుక్కున్నాడు. రసాయన చర్యలో మాత్రం ఈ కేంద్రకానికి ఏమీ కాదు, జరిగేదంతా ఎలక్ట్రాన్ల మధ్యే, అందులోనూ బయటి ఎలక్ట్రాన్ల మధ్యే.

ఆ మాట నమ్మడం ఎలా? సోడియంనే తీసుకోండి. దానికి 11 ఎలక్ట్రాన్లు. ఒక్కొక్కటిగా ఊడదీస్తూ ఎంత శక్తి పట్టిందో కొలిస్తే, మొదటిదానికి 5.14 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం ఇది), రెండోదానికి 47.3. తొమ్మిది రెట్లకు పైగా! ఒకటి తీశాక మిగిలినవాటి మీద కేంద్రకం పట్టు పెరుగుతుంది కాబట్టి కొంత ఎక్కువ పట్టడం మామూలే, కానీ ఇంత తేడా దానివల్ల రాదు. మెగ్నీషియంలో 7.65, 15.04, ఆ తర్వాత ఒక్కసారిగా 80.14. అల్యూమినియంలో 5.99, 18.83, 28.45, నాలుగోదానికి దాదాపు 120. ఒకచోట ఒకటి తర్వాత, ఇంకోచోట రెండు తర్వాత, మరోచోట మూడు తర్వాత అంకె ఎగిరింది. ఎలక్ట్రాన్లు పొరలుపొరలుగా ఉన్నాయని చెప్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే సూటి సాక్ష్యం లేదు.

సోడియంలో బయటి ఎలక్ట్రాన్‌కూ కేంద్రకానికీ మధ్య పది ఎలక్ట్రాన్లు అడ్డుగా ఉంటాయి, అందుకే 11 ప్రోటాన్ల ఆకర్షణ దానిదాకా పూర్తిగా చేరదు, అది తేలిగ్గా ఊడుతుంది. దాని తర్వాతిది లోపలి పొరలోది, కేంద్రకానికి బాగా దగ్గర, అడ్డు తక్కువ. క్లోరిన్‌తో కలిసినప్పుడు సోడియం ఒక్క ఎలక్ట్రాన్ ఇచ్చి ఆగిపోయేది ఇందుకే. రెండోది కూడా ఇవ్వాలంటే అయ్యే ఖర్చును, స్ఫటికం ఏర్పడేటప్పుడు విడుదలయ్యే శక్తి పూడ్చలేదు.

సోడియంలో ఆ లోపలి పది ఎలక్ట్రాన్లు మొదటి పొరలో 2, రెండో పొరలో 8గా ఉంటాయి. మరి ఈ 2, 8 అనే లెక్క ఎక్కడిది? 1913లో బోర్ చెప్పిన గుండ్రటి కక్ష్యలు హైడ్రోజన్‌కు చక్కగా సరిపోయాయి, దాని ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి పట్టే 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల విలువ లెక్కలోంచే వచ్చింది, కానీ రెండే ఎలక్ట్రాన్లున్న హీలియం దగ్గరే ఆ నమూనా చతికిలపడింది. 1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక కక్ష్యలు పోయి ఆర్బిటాళ్లు వచ్చాయి. ఆర్బిటాల్ అంటే దారి కాదు, ఎలక్ట్రాన్ ఎక్కడెక్కడ కనబడే అవకాశం ఎంతో చెప్పేది. ఒక పొరలో ఉండగలిగేవి ఎస్ రకానివి ఒకటి, పి మూడు, డి అయిదు, ఎఫ్ ఏడు. ఒక పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రాన్లకూ నాలుగు క్వాంటం సంఖ్యలూ (ఎలక్ట్రాన్ స్థితిని తెలిపే అంకెలు, స్పిన్ వాటిలో ఒకటి) ఒకేలా ఉండవని పౌలీ 1925లోనే చెప్పాడు కాబట్టి ఒక్కో ఆర్బిటాల్‌లో స్పిన్ తేడాతో ఇద్దరికే చోటు. కనుక 2, 6, 10, 14. మొదటి పొరలో ఎస్ ఒక్కటే, అందుకే 2. రెండోదాంట్లో ఎస్, పి కలిపి 8. సోడియం పదకొండోది ఇక మూడో పొరకు, 3ఎస్‌కు పోక తప్పదు.

ఒకే రకం ఆర్బిటాళ్లలో ఎలక్ట్రాన్లు ముందు తలా ఒకదాంట్లో చేరి, ఆ తర్వాతే జతకడతాయనే హుండ్ నియమం కూడా అంకెల్లో కనిపిస్తుంది. నైట్రోజన్ నుంచి ఆక్సిజన్‌కు వెళ్తే ఒక ప్రోటాన్ పెరిగింది, పట్టు పెరగాలి కదా, కానీ మొదటి ఎలక్ట్రాన్ తీయడానికి నైట్రోజన్‌లో 14.53 పడితే ఆక్సిజన్‌లో 13.62 చాలు. నైట్రోజన్‌లో మూడు పి ఆర్బిటాళ్లలో తలా ఒక ఎలక్ట్రాన్ విడివిడిగా ఉంటే, ఆక్సిజన్‌లో నాలుగోది ఒకదానితో జతకట్టాల్సి వచ్చింది, ఆ వికర్షణ వల్ల కాస్త సులువుగా బయటికొస్తుంది.

ఇక అందరికీ టెన్షన్ పెట్టే 4ఎస్, 3డి గొడవ. పొటాషియంలో 19వ ఎలక్ట్రాన్ 4ఎస్‌లోకి వెళ్తుంది, నిజమే. కానీ ఇనుము ఎలక్ట్రాన్లు కోల్పోయి అయాను అయ్యేటప్పుడు ముందు పోయేవి ఆ 4ఎస్‌లోని రెండే, 3డిలో ఆరు మిగులుతాయి. నింపే వరసలో ఒక్కో మెట్టుకు ఒక ప్రోటాన్ కూడా చేరుతోందని మరిచిపోవద్దు. అలా ప్రోటాన్లు పెరిగేకొద్దీ 3డి లోపలికి కుంచించుకుపోతుంది, 4ఎస్ బయట మిగులుతుంది. క్రోమియంలో 3డిలో 5, 4ఎస్‌లో 1 ఉండటానికి 'సగం నిండితే స్థిరత్వం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, నాకు అది సరిపోదనిపిస్తుంది. ఆవర్తన పట్టికలో అదే గ్రూపులో, అంటే అదే నిలువు వరసలో కిందనున్న టంగ్‌స్టన్‌లో 5డిలో 4, 6ఎస్‌లో 2 ఉంటాయి మరి. అక్కడ శక్తుల మధ్య తేడాలు చాలా స్వల్పం, ఎటైనా మొగ్గవచ్చు.

మీలో పాఠాలు చెప్పేవాళ్లుంటే ఒక మనవి. బాణాల పట్టిక గీసే ముందు పిల్లలకు ఈ అయిదు అంకెలు ఇవ్వండి: 8.15, 16.35, 33.49, 45.14, 166.77. మూలకం పేరు చెప్పకండి. దాని బయటి పొరలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉండాలో వాళ్లనే చెప్పమనండి. అది సిలికాన్ అని ఆ తర్వాత చెప్పవచ్చు.