కొట్లాట అయ్యాక కోతులు ఏం చేస్తాయి?

టెక్కలి పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

పొద్దున్న ఇక్కడికి వస్తూ తేలినీలాపురంలో కాసేపు ఆగాను. చెట్లనిండా ఎర్రకాళ్ల కొంగలు కాపురాలు పెట్టి ఉన్నాయి. మనవాళ్లు వీటిని సైబీరియా పక్షులంటారు గానీ, ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ మన దేశంలోనే గూళ్లు కట్టుకునేవి. సరే, అది ఇంకోరోజు. ఒక కొంగ పక్క గూటిలోంచి పుల్ల లాగబోయింది. ఆ ఇంటిది మెడ సాచింది. ముక్కులు టకటకలాడాయి. దొంగ పుల్ల వదిలేసి, ఏమీ ఎరగనట్టు రెక్క సవరించుకుంది. గూటికీ గూటికీ ఎడం చూస్తే, ముక్కు అందీ అందనంత ఉంది. పొలంగట్టు తగువు మనకొక్కరికే కాదన్నమాట.

జంతువులు కలిసిమెలిసి ఎలా బతుకుతాయో చెప్పమన్నారు నన్ను. ఆ మాట వింటే అవేవో ఎప్పుడూ కొట్టుకోవన్నట్టుంటుంది. కలిసి బతికేవాటికే కొట్లాటలెక్కువ. తిండి ఒకటే, చోటు ఒకటే. కొట్టుకున్నాక మర్నాడు మళ్లీ ఒక్కచోటే ఎలా ఉంటున్నాయి అన్నదే నాకు ఆశ్చర్యం.

మా నాయినమ్మకు పదీపన్నెండు పెట్టలుండేవి. నూకలు జల్లితే ఎర్రపెట్ట తిన్నాకే మిగతావి. ఒకసారి సంతలో ఇంకో పెట్టను కొనుక్కొచ్చింది. నాలుగు రోజులు పెరడంతా ఈకలే. నేను విడదీయబోతే, "ఒరే గుంటడా, మద్దిన నీకేటిరా? ఆటికే తెలుస్తాది, ఎవులు ముందో ఎవులు ఎనకో" అంది. నార్వేలో షెల్‌డెరప్-ఎబ్బె అనే ఆయన చిన్నప్పటినుంచీ కోళ్లను చూసి చూసి 1921లో అచ్చువేయించింది కూడా ఇదే. ఎవరిని ఎవరు పొడవొచ్చో వరుస తేలిపోయాక, ఇక పొడవక్కర్లేదు, చూపు చాలు. నాయినమ్మ అచ్చు వేయించలేదు, అంతే తేడా.

కానీ వరుస వేరు, రాజీ వేరు. రాజీ సంగతి బయటపడింది నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ జూలో, 1970లలో. అప్పటిదాకా పరిశోధకుల చూపంతా ఎవరు కొట్టారు, ఎవరు గెలిచారు అన్నదాని మీదే. ఫ్రాన్స్ డి వాల్ అనే యువకుడు కొట్లాట అయిపోయాక కూడా చింపాంజీలను చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి కొట్టుకున్న ఆ రెండే దగ్గరకొచ్చాయి. ఒకటి చెయ్యి చాపింది. ముద్దులు, కౌగిలింతలు. దెబ్బలు తిన్నదాన్ని మూడోది వచ్చి ఓదార్చడం కూడా చూశాడు. 1979లో సహచరురాలితో కలిసి ఇదంతా ప్రచురించి, దానికి 'రాజీ' అనే పేరే పెట్టాడు. జంతువుల విషయంలో ఆ మాట వాడటమేమిటని అప్పట్లో ముఖం చిట్లించినవాళ్లున్నారు.

ఇప్పుడు మన కోతి దగ్గరకొద్దాం. గోదావరి దిగువకు పోతే పొడుగుతోకతో, పాపిడి తీసినట్టుండే జుట్టుతో బోనెట్ కోతులు కనిపిస్తాయి. మన వైపువి రీసస్ కోతులు. తోక పొట్టి, కోపం పొడుగు. కరుచుకుంటాయి, రాజీకి మాత్రం తొందరగా రావు. ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో ఉండే మొండితోక కోతులు ఇందుకు పూర్తిగా వేరు. గొడవయ్యాక ఒకటి వెనక్కి తిరిగి పిరుదులు చూపిస్తుంది, రెండోది పట్టుకుంటుంది. తగువు తీరిపోయినట్టే. వెనకవరసలో నవ్వుతున్నారు, నవ్వండి.

డి వాల్, ఇంకొకరు కలిసి రీసస్ పిల్లలను మొండితోక పిల్లలతో ఐదు నెలలు కలిపి పెంచారు. 1993లో ఫలితం రాశారు. రీసస్ పిల్లలు రాజీపడటం దాదాపు మూడింతలైంది. మొండితోకలను తీసేసి, రీసస్‌లను వాటిమానాన వదిలేసినా ఆ అలవాటు పోలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదంటాం. అలా అన్నవాళ్లు కోతుల్ని ఐదు నెలలు చూసి ఉండరు.

మధ్యవర్తుల ముచ్చట కూడా ఉంది. అమెరికాలో జెస్సికా ఫ్లాక్ అనే పరిశోధకురాలు పందితోక కోతుల గుంపు నుంచి, తగువుల్లో అడ్డుపడే కొద్దిమంది పెద్ద మగకోతులను కొంతసేపు బయట పెట్టింది. గొడవలు పెరిగాయి. అంతకన్నా నాకు నచ్చింది ఇంకొకటి: మిగతావి ఆటలకూ, ఒకదానికొకటి బొచ్చు శుభ్రం చేసుకోవడానికీ పెట్టుకునే చుట్టరికాలు కుదించుకుపోయాయి. పెద్దమనిషి రచ్చబండ మీద ఊరికే కూర్చున్నా పని జరుగుతున్నట్టే.

జంతువులు మనకన్నా మంచివని చెప్పే ఉపన్యాసాలు నాకు నచ్చవు. టాంజానియాలోని గోంబేలో ఒకే చింపాంజీ గుంపు రెండుగా చీలింది. 1974 నుంచి నాలుగేళ్లలో దక్షిణం వైపు వెళ్లిన గుంపులోని మగవన్నీ చంపబడ్డాయి, లేదా కనబడకుండా పోయాయి. చంపినవి వాటికి పరాయివి కావు. చీలక ముందు ఒకే గుంపులో పక్కపక్కన కూర్చుని బొచ్చు సవరించుకున్నవే. గుంపులో ఉన్నంతసేపే రాజీ.

సరే, ప్రశ్నలుంటే అడగండి. డాబా మీద వడియాలు కోతులు ఎత్తుకుపోకుండా ఏం చెయ్యాలి అన్నది తప్ప. మా ఇంట్లో ఆ తగువు ఇంకా తెగలేదు.