పిల్లల సంగతి ఎక్కడ మాట్లాడాలి, ఎక్కడ మాట్లాడకూడదు
(కనిగిరి ప్రాంత ఉపాధ్యాయుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కనిగిరి చుట్టుపక్కల బడుల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ ఎక్కువ గనక పళ్ల దగ్గరే మొదలుపెడతాను. క్లాసులో ఒక పిల్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలుంటాయి. "ఏమ్మే, పళ్లు తోముకోవా?" అంటాం. క్లాసంతా నవ్వుతుంది. ఆ మచ్చలు తోమితే పోయేవి కావు. పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్, అంటే పంటి పైపొర, సరిగ్గా గట్టిపడదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు ఫరవాలేదని మన దేశ ప్రమాణం. తప్పు నీళ్లది, మాట పడింది పిల్ల.

మర్నాటి నుంచి ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పాఠం చదవమంటే గొణుగుతుంది. వినపడదు గనక చదవడం రాదని రిజిస్టర్లో రాసేస్తాం. ఆ రాత మన నోటి నుంచి వచ్చిందే. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. బెత్తం ఎప్పుడో మానేశాంలే అనుకునేవాళ్లు ఆ రెండో మాట ఇంకోసారి చదవాలి.

ఇలాంటి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేరా చదివించుకోండి, రెండు నిమిషాల పని. బడి బోరు నీళ్లను కాసేపు పారనిచ్చి, అవే నీళ్లతో రెండుసార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబుకు పంపండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. కాచి తాగమని మాత్రం చెప్పకండి. కాచితే నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ మిగులుతుంది.

మార్కుల సంగతీ ఇంతే. ఎక్కువ నుంచి తక్కువకు పేర్లు పిలిచి పేపర్లిస్తే చివరివాడెవడో పిలవకముందే అందరికీ తెలుసు. హాజరు పట్టీ వరసలో, మార్కు లోపలికి మడిచి ఇవ్వండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో మార్కుల లిస్టు ఫొటో పెట్టడం మరీ అన్యాయం, సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. తల్లిదండ్రులను కలిసి హాజరు, ప్రగతి చెప్పమని 24వ సెక్షన్ అంటుంది. ఎవరి బిడ్డ సంగతి వాళ్లకు, విడిగా.

ఇంతవరకు నోరు కట్టుకోమన్నాను. ఒక్కచోట మాత్రం నోరు విప్పకపోతే నేరం, పిల్లల మీద లైంగిక వేధింపు జరిగినచోట. "ఎవరికీ చెప్పనని ఒట్టేస్తే చెప్తా టీచర్" అని ఒక పిల్ల వస్తుంది. ఒట్టు వెయ్యొద్దు. "నీకు సాయం చేసేవాళ్లకు మాత్రమే చెప్తాను" అనండి. మధ్యలో అడ్డం పడొద్దు. "ఫలానా అతనేనా?" అని పేరు అందించొద్దు, టీచరే నేర్పించిందని రేపు కోర్టులో అవతలి లాయరు అంటాడు. పిల్ల అన్నది పిల్ల మాటల్లోనే, తేదీ, టైము వేసి రాసుకోండి. హెచ్‌ఎం ముందు ఒకసారి, అమ్మానాన్నల ముందు ఇంకోసారి చెప్పించొద్దు.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం సంగతి తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు తెలపాలి. "హెచ్‌ఎంకి చెప్పేశాను గదా" అంటే చెల్లదు. తెలపకపోతే 6 నెలల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ పెద్దకు ఏడాది వరకు జైలు, దానితోపాటు జరిమానా. ఏం చెయ్యాలో తోచకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యండి. బడి పరువు పోతుందని, పెద్దమనుషుల్లో తేల్చుకుందామని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. ఈ నేరం రాజీతో తేలేది కాదు.

ఫిర్యాదు చేశాక ఆ పేరు స్టాఫ్‌రూములో కూడా ఎత్తకండి. పిల్ల మళ్లీ బడికి వచ్చిన రోజు అందరి పేర్లూ పిలిచినట్టే ఆ పేరూ పిలవండి. మీరు ఒక్క క్షణం ఆగి జాలిగా చూసినా పక్క బెంచీవాళ్లు పసిగడతారు.