గాలి ఎటు వీస్తే రాగి పొగ అటు: స్వాన్సీ వివియన్ల కథ

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈసారి వేల్స్‌లోని స్వాన్సీకి వెళ్దాం. రాగి కరిగించి, మూడు తరాల్లో బ్రిటన్ పార్లమెంటులోని ప్రభువుల సభకు చేరిన వివియన్ కుటుంబం గురించి మాట్లాడుకుందాం. అక్కా, వీళ్లది స్వాన్సీయేనా?

అక్క: కాదురా, కార్న్‌వాల్‌లోని ట్రూరో. జాన్ వివియన్ అక్కడి రాగి వ్యాపారంలో ఎదిగినవాడు. 1810లో కొడుకులతో కలిసి స్వాన్సీలో, టావీ నది ఒడ్డున, హాఫోడ్ అనే చోట కర్మాగారం పెట్టాడు.

తమ్ముడు: ఖనిజం కార్న్‌వాల్‌లో ఉంటే కొలిమి ఇంకో చోటా?

అక్క: బొగ్గు కోసం. బరువు చూస్తే ఖనిజం కన్నా బొగ్గే ఎక్కువ పట్టేది. కార్న్‌వాల్‌లో బొగ్గు లేదు, స్వాన్సీలో కావాల్సినంత ఉంది. అందుకని ఖనిజమే ఓడెక్కి వచ్చేది. అవే ఓడలు తిరిగి వెళ్తూ గనుల్లో నీళ్లు తోడే ఆవిరి యంత్రాలకు బొగ్గు మోసుకెళ్లేవి. తర్వాత క్యూబా, చిలీల నుంచి కూడా ఖనిజం తెచ్చారు. చిలీ ఓడలంటే దక్షిణ అమెరికా దక్షిణపు కొస, కేప్ హార్న్ చుట్టి రావాలి, ప్రాణాలతో చెలగాటం.

తమ్ముడు: ఆ రాగి మన దేశానికీ వచ్చేదట కదా?

అక్క: వచ్చేది. అంతకుముందు డచ్చివాళ్లు జపాన్ రాగిని మన కోరమాండల్ తీరానికి తెచ్చి అమ్మేవారు. ఇక్కడి కొనుగోలుదారులకు ఆ చిన్న ఎర్ర కడ్డీలు అలవాటైపోయాయి. దాంతో బ్రిటిష్ వాళ్లూ అలాంటివే పోశారు, పేరు కూడా జపాన్ రాగి అనే పెట్టారు. కడ్డీ గట్టిపడగానే, వేడి మీదే చన్నీళ్లలో పడేస్తే పైన చక్కటి ఎరుపు తేలుతుంది. ఈ పని ఎలా చేస్తారో జాన్ హెన్రీ వివియన్ 1823లో అచ్చేసిన వ్యాసంలో ఉంది.

తమ్ముడు: అంటే జాన్ గారి కొడుకు.

అక్క: రెండోవాడు. పెద్దవాడు రిచర్డ్ హస్సీ సైన్యంలోకి వెళ్లి వాటర్లూ యుద్ధంలో ఒక అశ్వికదళ బ్రిగేడ్‌ను నడిపాడు. జాన్ హెన్రీ జర్మనీలోని ఫ్రైబర్గ్ గనుల విద్యాలయంలో చదివొచ్చి హాఫోడ్‌ను నడిపాడు. 1832 నుంచి చనిపోయేదాకా స్వాన్సీ ఎంపీ కూడా ఆయనే.

తమ్ముడు: మరి పొగ సంగతి?

అక్క: నా మనసంతా అక్కడే ఉంది. ఆ ఖనిజంలో గంధకం, ఆర్సెనిక్ ఉంటాయి. కాల్చితే తెల్లటి పొగ లోయంతా కమ్మేసేది. నదికి అవతల కిల్వీ కొండ మీద గడ్డి కూడా మిగల్లేదు. పశువుల కీళ్లు వాచిపోతున్నాయని రైతులు మొత్తుకున్నారు. పొగకు విరుగుడు కనిపెడితే బహుమానం ఇస్తామని 1821లో ఊళ్లో నిధి కూడా పోగు చేశారు. జాన్ హెన్రీ ఊరుకోలేదు, పొడవాటి పొగగొట్టాలు కట్టించి, లోపల నీటి జల్లులు పెట్టించాడు. హంఫ్రీ డేవీ, ఫారడే వంటి శాస్త్రవేత్తల సలహా తీసుకున్నాడు. పొగ కొంత తగ్గిందేగానీ పోలేదు. 1833లో రైతులు కోర్టుకెక్కారు, ఓడిపోయారు.

తమ్ముడు: ఆయన ఇల్లు ఎక్కడ?

అక్క: సింగిల్టన్‌లో. ఊరికి పడమర, సముద్రం కనిపించే చోటు. అక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. అంటే పొగ ఈశాన్యం వైపుకు, కూలీల ఇళ్ల మీదుగా పోతుంది. దొరగారి తోటకు సోకదు. ఇది నాకు మింగుడుపడదురా. పాత భవనాన్ని పెంచి సింగిల్టన్ అబ్బే అని పేరు పెట్టుకున్నారు. అబ్బే అంటే ఇంగ్లీషులో క్రైస్తవ మఠం. మఠం ఎన్నడూ లేని చోట అబ్బే!

తమ్ముడు: అయినా కూలీలకు ఇళ్లు కట్టించారు కదా?

అక్క: కట్టించారు, కాదనను. ట్రెవివియన్ అని కుటుంబం పేరు మీదే ఓ పేట. పిల్లలకు బడి కూడా పెట్టారు. ఆ రోజుల్లో చాలామంది యజమానులు అంత కూడా చేయలేదు.

తమ్ముడు: తర్వాతి తరం?

అక్క: జాన్ హెన్రీ పెద్ద కొడుకు హెన్రీ హస్సీ వివియన్. ఈటన్, కేంబ్రిడ్జ్ చదువులు. 1860లలో కొత్త రకం కొలిములు తెచ్చి, పొగలోని గంధకంతో సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారు చేయించాడు. రైతుల పొలాలు మాడ్చిన పొగే సరుకైపోయింది! 1882లో బారోనెట్ బిరుదు వచ్చింది, 1893లో బారన్ స్వాన్సీ అయ్యి ప్రభువుల సభకు చేరాడు. మరుసటి ఏడే పోయాడు.

తమ్ముడు: తమ్ముళ్లు కూడా కొలిమి దగ్గరే ఉన్నారా?

అక్క: గ్రాహం 1860లో క్లైన్ కోట కొన్నాడు. దాని చుట్టూ ఉన్న తోట రోడోడెండ్రాన్ పూల చెట్లకు పేరుపడింది, అందులో తర్వాత వారసుడైన మేనల్లుడి చలవే ఎక్కువ. చిన్నవాడు రిచర్డ్ గ్లిన్‌కు వ్యాపారం పట్టలేదు. లోకమంతా తిరిగి చిత్రాలు, పింగాణీ పోగేశాడు. చూపు పోయాక ఆ సేకరణనీ, దాన్ని ఉంచే గ్యాలరీ భవనానికి డబ్బునీ స్వాన్సీ ఊరికి ఇచ్చేశాడు. 1911లో ఆ గ్యాలరీ తెరిచేనాటికి ఆయన లేడు. ఈ కుటుంబంలో నాకు ఎక్కువ నచ్చింది ఈయనే.

తమ్ముడు: ఆస్తి ఏమైంది?

అక్క: సింగిల్టన్ 1919లో ఊరి కార్పొరేషన్‌కు అమ్ముడుపోయింది, మరుసటి ఏడు అక్కడ యూనివర్సిటీ కాలేజీ వచ్చింది. కంపెనీ 1920లలో విలీనాల్లో కలిసిపోయింది. హాఫోడ్‌లో రాగి పని మాత్రం 1980 దాకా సాగింది.

తమ్ముడు: కిల్వీ కొండ?

అక్క: 1961లో లోయను బాగు చేసే ప్రాజెక్టు మొదలైంది. విషం నిండిన మట్టిలో ఏ గడ్డి బతుకుతుందో యూనివర్సిటీ వాళ్లు పరీక్షించారు, బడి పిల్లలు మొక్కలు నాటారు. దొరలు సంపాదించి వెళ్లాక శుభ్రం చేసే ఖర్చు ప్రజల మీద పడింది. హాఫోడ్‌లో ఆ పాత షెడ్లు ఇంకా ఉన్నాయి, వెళ్లినవాళ్లు సింగిల్టన్ ఒక్కటే చూసి తిరిగి రాకండి.