గురువారం ఎవరి కాళ్ళు కడుగుదాం?

(ఈస్టరుకి ముందు వచ్చే నలభై రోజుల తపస్కాలంలో ఐదవ ఆదివారం, ఒక కతోలిక గుడిలో పూజ తర్వాత జరిగిన ధ్యాన కూటంలో ఒక రిటైర్డ్ టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

విచారణ (పారిష్) గురువులకు, సిస్టర్లకు, ఉపదేశి గారికి, మరియదళం అక్కచెల్లెళ్ళకు, పెద్దలందరికీ, బయట అరుగు మీద ఎండలో కూర్చున్నవాళ్ళకీ నమస్కారం. ఎండలో ఎందుకమ్మా, లోపల ముందు రెండు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి కదా. రండి. రారా? సరే, ఆ సంగతికే వస్తాను.

నాకు ఇచ్చిన అంశం ‘తపస్కాలంలో ప్రార్థన, ఉపవాసం, దానం’. ఇరవై నిమిషాలన్నారు. బడిపంతులమ్మకి ఇరవై నిమిషాలంటే హాజరు పిలవడానికే సరిపోదు. అయినా ప్రయత్నిస్తాను. నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా.

విభూది బుధవారం నాడు పోయినేటి మ్రానికొమ్మలు కాల్చిన బూడిదని నుదుట పెట్టించుకున్నాం. ‘మట్టివి, మట్టిలోనే కలుస్తావు’ అని విన్నాం. ఊదా వస్త్రాలు వచ్చాయి, మహిమ గీతం ఆగింది, అల్లెలూయ ఆగింది. ఇవాళ లాజరు సువిశేషం చదివారు. ఇవన్నీ ఏటా ఫాదర్ గారు చెప్పేవే, నాకన్నా బాగా చెబుతారు. ఉపవాసం సంగతి మాత్రం ఒక్క నిమిషం.

శ్రీసభ చట్టం ప్రకారం 18 నిండినవాళ్ళు 59 నిండేదాకా రెండు రోజులు ఒక్కపొద్దు ఉండాలి. విభూది బుధవారం ఒకటి, పెద్ద శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఒకటి. 14 నిండినవాళ్ళు శుక్రవారాలు మాంసం ముట్టకూడదు. 1966లో ఆరవ పౌలు పోపుగారు పాత నియమాలు సడలించాక మిగిలింది ఇంతే. మా అమ్మకి ఈ సడలింపు గురించి ఎవరో చెబితే నవ్వింది. ‘మాంసం మానాలంటే ముందు తినాలి కదే’ అంది. ఆమె నలభై రోజులూ ఒక్కపొద్దే. పొద్దున్నే మిరపకోతకి పోయేది, రాత్రికి ఇంత సంగటి. ఆమెకి అది ప్రత్యేకంగా ఉపవాసంలా కనిపించేది కాదు. పేరు మాత్రం తపస్కాలంలో మారేది.

మిరపకోత అన్నాను కదా, అక్కడే ఆగుతాను. మన జిల్లాలో తపస్కాలం ఎప్పుడొస్తుంది? సరిగ్గా కోతల్లో వస్తుంది. కల్లాల్లో కాయ ఎర్రగా పరుచుకుని ఉంటుంది. గుంటూరు యార్డు వైపు మిరప టిక్కీల (బస్తాల) లారీలు వరసగా పోతుంటాయి. కర్నూలు వైపు నుంచి పిల్లాజెల్లాతో వలస వచ్చినవాళ్ళు పొలాల్లోనే పట్టాలు కట్టుకుని ఉంటారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు, మెడలో జపమాలలు వేసుకున్నవాళ్ళు. మన గుడికి ఎప్పుడైనా వచ్చారా? మనం ఎప్పుడైనా వెళ్ళి పిలిచామా? మన పల్లె (దళితవాడ) ఆడవాళ్ళు కోతకి, కోత అయ్యాక తొడిమలు తీయడానికి చీకటితో ఆటో ఎక్కుతారు. మళ్ళీ దిగేసరికి ఏడు. చేతులు భగభగమని మండుతుంటాయి. ఆ చేతులతో కన్ను తుడుచుకోవడానికి కూడా లేదు.

మన విచారణలో శుక్రవారం స్లీవ మార్గం, అదే యేసు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ చేసే ప్రార్థన, ఎన్నింటికి? నాలుగున్నరకి.

ఎవరికోసం పెట్టాం ఈ టైము? నాలాంటి పెన్షన్ మనుషులకోసం, బడి అయిపోయి వచ్చే పిల్లలకోసం, సిస్టర్లకోసం. పద్నాలుగు స్థలాలూ నడిచి, పాటలు పాడి, ఆరింటికల్లా గుడి తలుపు వేసేస్తాం. ఏడింటికి ఆటో దిగిన మనిషి గేటు దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకుని పోతుంది. నేను కళ్ళారా చూశాను. ఐదో స్థలంలో మనం ఎవరిని తలుచుకుంటాం? కురేనియా సీమోనుని. ఆయన యెరూషలేములో పని లేక కూర్చున్నవాడు కాదు. పల్లె నుంచి వస్తుంటే పట్టుకుని సిలువ మోయించారని సువిశేషంలోనే ఉంది. మన టైముకైతే ఆ సీమోను అందేవాడు కాదు. సిలువ మోయడానికి మన కమిటీవాళ్ళే మిగిలేవాళ్ళు. నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

ఫాదర్ గారు వాచీ చూసుకుంటున్నారు. ప్రార్థన అయింది, ఉపవాసం అయింది, దానం మిగిలింది. దానం కవరు మీ అందరి దగ్గరా ఉంది. కారితాస్ ఇండియా వాళ్ళు ఆకలి, రోగాల మీద ఏటా నడిపే తపస్కాల ఉద్యమం అది. డబ్బులు వేయండి. దానం కూడా అయింది. ఇక నా నాలుగు పేజీలూ మడిచి సంచీలో పెట్టేస్తున్నాను. నేను నిజంగా చెప్పాలనుకుని వచ్చింది పవిత్ర గురువారం గురించి, అంటే ఈస్టరు ముందు గురువారం, యేసు శిష్యుల కాళ్ళు కడిగింది తలుచుకునే రోజు.

ఆ సాయంత్రం పూజలో ఫాదర్ గారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. ఆ పన్నెండు పేర్లు వచ్చే ఆదివారం, అంటే మ్రానికొమ్మల ఆదివారం, చదువుతారు. మన కమిటీ ఇప్పటికే రాసేసి ఉంటుంది కూడా. పోయినేటి జాబితా నేను చూశాను. అంతకుముందు ఏడాదిదీ చూశాను. ఇంటిపేర్లు అవే, కాళ్ళు మాత్రం అప్పుడప్పుడూ మారతాయి. తండ్రికి మోకాళ్ళ నొప్పులైతే కొడుకు కూర్చుంటాడు.

నేను టెన్త్ చదివే రోజుల సంగతి చెబుతాను. ఈ ఊళ్ళో కాదు, నేను పుట్టిన ఊళ్ళో. ఆ ఏడు పన్నెండు మందిలో ఒకాయన బస్సు అందక రాలేదు. సువిశేషం అయిపోయింది, ప్రసంగం అయిపోయింది, బెంచీ మీద పదకొండు మందే ఉన్నారు. ఉపదేశి గారికి టెన్షన్. వెనక్కి తిరిగి చూశారు. గుమ్మం పక్కన నిలబడి ఉన్నది మా నాన్న. ఒక రైతు దగ్గర పాలేరు. గేదెలకి మేత వేసి అటు నుంచి అటే వచ్చాడు. ఉపదేశి గారు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి కూర్చోబెట్టారు.

మిగతా పదకొండు మందీ ఎలా ఉన్నారనుకుంటున్నారు? తెల్ల చొక్కాలు, తెల్ల పంచెలు. ఇంటి దగ్గరే సబ్బు పెట్టి కాళ్ళు తోముకుని వచ్చారు. ఒకాయన గోళ్ళు కూడా తీయించుకున్నాడు. ఫాదర్ గారు ఒక్కొక్కరి కుడి పాదం మీద నీళ్ళు పోస్తే అవి ఎలా పోశారో అలాగే తేటగా పళ్ళెంలోకి దిగుతున్నాయి. పన్నెండో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ పాదం బెంచీ కిందకి పోయింది. మా నాన్న ఇవ్వనంటాడు. ‘వద్దు సామీ, వద్దు’ అంటాడు. పేతురు అన్నది కూడా అదే కదా, నా కాళ్ళు నువ్వెన్నటికీ కడగకూడదని. యోహాను పదమూడో అధ్యాయం. మా నాన్నకి చదువు రాదు, పేతురుని చూసి అన్నమాట కాదది. సిగ్గుతో అన్నాడు. పాట అయిపోయింది, పాడేవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. ఫాదర్ గారు పెద్దాయన. ‘అయ్యా, నేను మోకాళ్ళ మీద ఉన్నాను, నువ్వు తొందరగా ఇస్తే నా మోకాళ్ళు బతుకుతాయి’ అన్నారు. ముందు వరసలో నవ్వారు. అప్పుడిచ్చాడు.

నల్లరేగడి మడమ పగుళ్ళలో ఎంత లోతుకు పోతుందో మీలో సగం మందికి తెలుసు. ఫాదర్ గారు నీళ్ళు పోసి వదిలేయలేదు. బొటనవేలితో ఆ పగుళ్ళు రుద్దారు. పళ్ళెంలో నీళ్ళు నల్లబడ్డాయి. పీఠం పిల్లవాడు పోయి వేరే నీళ్ళు తెచ్చాడు. ఇంటికొచ్చాక మా అమ్మ అంది: ‘కడగాల్సిన కాళ్ళతో పోయింది మీ నాన్న ఒక్కడేనే.’

మరుసటేడు ముందుగానే జాబితా చదివారు. మా నాన్న పేరు లేదు. మా పల్లె నుంచి ఒక్క పేరూ లేదు. నేను చిన్నప్పటి నుంచీ నోరున్నదాన్నే. పోయి ఒక పెద్దమనిషిని అడిగాను. ‘తెల్లచొక్కా ఉండాలమ్మా, గుడి మర్యాద’ అన్నాడు. మా నాన్నకి తెల్లచొక్కా ఉంది. పెళ్ళినాటిది. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు, ఏడుపొచ్చింది. ఇవాళ మీ ముందు అంటున్నాను.

అప్పట్లో నిబంధనే అలా ఉందేమో అని మీరనొచ్చు. చూద్దాం. ఈ పాదాలు కడగడాన్ని 1955లో పన్నెండవ పియూస్ పోపుగారు పవిత్ర వారపు ఆచారాలు సవరించినప్పుడు పూజలోకి తెచ్చారు. అప్పుడు పన్నెండు మంది మగవాళ్ళనే రాశారు. రెండవ వాటికన్ మహాసభ తర్వాత వచ్చిన పూజా గ్రంథంలో మగవాళ్ళు అన్నమాట ఉంచారు, పన్నెండు అన్న అంకె తీసేశారు. ఆ అంకెని మనమే పట్టుకుని వేలాడుతున్నాం. తెల్లచొక్కా అనైతే ఎక్కడా లేదు.

2013లో పోపు ఫ్రాన్సిస్ గారు ఎన్నికైన నెలలోనే, పవిత్ర గురువారం రోమ్‌లో పిల్లల జైలుకి పోయారు. పన్నెండు మంది కాళ్ళు కడిగారు. అందులో ఇద్దరు అమ్మాయిలు, ఒకమ్మాయి ముస్లిం. ప్రపంచమంతా ఫొటో చూసింది. 2016 జనవరిలో నిబంధనే మార్చారు. ఇక మగవాళ్ళే అక్కర్లేదు. ఆడా మగా, పడుచూ ముసలీ, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళూ జబ్బుపడ్డవాళ్ళూ, దైవప్రజలు ఎవరైనా కూర్చోవచ్చు, ఆ గుంపు మొత్తం సంఘానికి ప్రతినిధిగా కనిపించాలి అన్నారు. ఇది జరిగి పదేళ్ళయింది. రోమ్ నుంచి ఈ ఊరికి ఉత్తరం రావడానికి పదేళ్ళు పడుతుందా? ఫాదర్ గారిని అనడం లేదు, ఆయన వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నేను అంటున్నది మనల్ని.

అదే 2016 డిసెంబరులో మన దేశపు పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య దళితుల కోసం ఒక విధానం ప్రకటించింది. శ్రీసభ లోపల కూడా అంటరానితనం ఉందని ఒప్పుకుంది. బయట ప్రభుత్వమేమో 1950 నాటి ఉత్తర్వు చూపించి, క్రైస్తవులైతే మీరు ఎస్సీలు కారంటుంది. లోపలికొస్తే బెంచీలు వేరేమాట చెబుతాయి. మనకి రెండు వైపులా నష్టమే. 2022లో పూల అంతోని గారు కార్డినల్ అయినప్పుడు ఇదే ఆవరణలో టపాకాయలు కాల్చాం, గుర్తుందా? తెలుగువాడు, దళితుడు, మొట్టమొదటిసారి. స్వీట్లు పంచాం. ఆ మరుసటేడు గురువారం జాబితా తీసి చూడండి.

మా అమ్మమ్మ లాటిన్ పూజ కాలం మనిషి. ‘ఎత్ కుం స్పిరితు తువో’ అని గడగడా జవాబు చెప్పేది. అర్థం ఏంటే అంటే ‘ఆయనకి తెలుస్తుందిలే’ అనేది. ఇప్పుడు అంతా తెలుగులోనే జరుగుతోంది, ప్రతి మాటా అర్థమవుతోంది. ‘నేను మీ పాదాలు కడిగితే మీరూ ఒకరి పాదాలు ఒకరు కడగాలి’ అన్నది కూడా తెలుగులోనే వినబడుతోంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి ఇప్పుడు వీల్లేదు.

అయ్యో, టైము దాటిపోయింది. ఒక్క మాట, కూర్చుంటున్నాను. కమిటీ పెద్దలూ, మీరు నాకు అన్నల వరసే, కోపం తెచ్చుకోకండి. ఇంకా పేర్లు చదవలేదు కాబట్టి అడుగుతున్నాను. కోతకి పోయే ఆడవాళ్ళు ముగ్గురు, వలస వచ్చినవాళ్ళలో ఇద్దరు, నడవలేని ముసలివాళ్ళు ఒకరో ఇద్దరో. మిగతావి మీ ఇష్టం. వచ్చే శుక్రవారం స్లీవ మార్గం ఏడున్నరకి, గుడిలో కాదు, పల్లె వీధిలో. మైకు అక్కర్లేదు. ఫాదర్ గారితో రాత్రే మాట్లాడాను, మీరు ఒప్పుకుంటే వస్తానన్నారు. ఏం ఫాదర్, అన్నారు కదా? తల ఊపుతున్నారు, అందరూ చూడండి.

పేర్ల కోసం వెనక బల్ల మీద తెల్లకాగితం పెట్టాను. అరుగు మీద ఉన్నవాళ్ళు ముందు రాయండి, రాయడం రాకపోతే నాకు చెప్పండి, నేను రాస్తాను. పెన్ను నాదే, ఎవరూ జేబులో వేసుకుపోకండి.