పేరు మర్చిపోయిన ఓడ నవలల కోసం వేట
ఇంగ్లిష్‌లో చదివిన ఓడల నవలల సిరీస్ ఒకటి, పేరు గుర్తులేదు, రాసిందెవరో అసలే గుర్తులేదు, ఎలాగైనా కనిపెట్టమని ఒక ఫ్రెండ్ నా నెత్తిన పెట్టాడు. వాడు చెప్పిన ఆనవాళ్లు వినండి. నెపోలియన్ కాలం, బ్రిటిష్ నేవీ. చిన్న ఓడ తనకంటే చాలా పెద్ద ఓడను పట్టుకుంటుంది. హీరోకి ఓడెక్కితే వాంతులు. ఒక డాక్టర్ స్నేహితుడు, ఇద్దరూ కలిసి సంగీతం వాయిస్తారు. హీరోని బలవంతంగా నేవీలోకి లాక్కుపోయారు. చదివింది 2005 ప్రాంతంలో. అన్నీ చెప్పేశాక చివర్లో, "అంతకుముందు వాడు జుట్టుకి సంబంధించిన పనేదో చేసేవాడు, అదంత ముఖ్యం కాదులే" అన్నాడు.

ముందు ఆ చిన్న ఓడ, పెద్ద ఓడ సంగతి తీసేద్దాం. ఇలాంటి నవలల గురించి ఎవరైనా మొదట చెప్పేది యుద్ధమే, వెతికేవాడికి బొత్తిగా పనికిరానిదీ అదే, ఎందుకంటే అలాంటి యుద్ధం నిజంగా జరిగింది. 1801 మే 6న థామస్ కాక్రన్ అనే బ్రిటిష్ అధికారి, 14 చిన్న ఫిరంగులున్న స్పీడీ అనే ఓడతో, 32 ఫిరంగుల స్పానిష్ ఓడ ఎల్ గామోని పట్టేశాడు. ఇటు 54 మంది, అటు 300 పైచిలుకు! నవల రాసేవాడు ఇలాంటిది వదులుతాడా? ఫ్రెడరిక్ మారియట్ అనే రచయిత అయితే కుర్రతనంలో కాక్రన్ కిందే పనిచేశాడు, తర్వాతి తరాల వాళ్లు కూడా ఆయన జీవితంలోంచి తీసుకుంటూనే ఉన్నారు. కాబట్టి యుద్ధం, తుఫాను, ప్రమోషన్, ఇవన్నీ పక్కన పెట్టేయండి, ప్రతి సిరీస్‌లోనూ ఉంటాయి.

వాంతులు అనగానే నాకు తట్టింది హార్న్‌బ్లోయర్. సి.ఎస్. ఫారెస్టర్ 1937లో మొదలుపెట్టిన సిరీస్ అది. లంగరేసి నిలబడ్డ ఓడలో కూడా కడుపు తిప్పించుకున్న మహానుభావుడు. కానీ ఈయనకి సంగీతం బొత్తిగా చెవికెక్కదు, శ్రుతి తేడానే తెలియదు. అంటే వాంతులు చేసుకున్నవాడు, వాయించినవాడు ఒక్కడు కాదన్నమాట. మావాడి బుర్రలో కనీసం రెండు సిరీస్‌లు కలిసిపోయాయని అక్కడ అర్థమైంది.

వాయించేది జాక్ ఆబ్రే. ఆయనది వయొలిన్, డాక్టర్ స్టీఫెన్ మాట్యూరిన్‌ది చెల్లో. ప్యాట్రిక్ ఒబ్రయన్ 1969లో మొదలుపెట్టి పూర్తి చేసినవే 20 నవలలు. దీని మీద 2003లో ఒక సినిమా వచ్చింది. అందుకే మావాణ్ణి ఒకటే అడిగాను: దక్షిణ అమెరికా చుట్టి పసిఫిక్ దాకా తరిమిన శత్రు ఓడ ఏ దేశానిది? తడుముకోకుండా "ఫ్రెంచ్ వాళ్లది" అన్నాడు. ఆ వేట ఉన్న నవలలో శత్రువు అమెరికన్, సినిమాలోనే ఫ్రెంచ్ చేశారు. సంగీతం సినిమాలోంచి వచ్చిందన్నమాట!

ఇక మిగిలింది బలవంతంగా లాక్కుపోవడం, జుట్టు పని. ఈ నవలల్లో హీరోలు చాలామంది కాస్త పెద్దింటి కుర్రాళ్లు, చిన్నప్పుడే మిడ్‌షిప్‌మన్‌గా చేరతారు, అంటే ఆఫీసర్ అయ్యే దారిలోనే అడుగుపెడతారు. రామేజ్ అనే ఇంకో సిరీస్ హీరో అయితే ఏకంగా అడ్మిరల్ కొడుకు. ప్రెస్ గ్యాంగ్, అంటే మనుషుల్ని బలవంతంగా నేవీలోకి లాక్కెళ్లే ముఠా, పట్టుకుపోతే మామూలు నావికుడిగా మొదలై పైకొచ్చే హీరోలు తక్కువ. అందులోనూ విగ్గులు తయారుచేసేవాడు అంటే నాకు తెలిసి ఒక్కడే: టామ్ కిడ్. జూలియన్ స్టాక్‌విన్ రాసిన సిరీస్, మొదటి పుస్తకం 2001లో వచ్చింది, 2005కి సరిగ్గా సరిపోతుంది. గిల్డ్‌ఫర్డ్‌లో విగ్గులు చేసుకునే కుర్రాణ్ణి 1793లో పట్టుకెళ్లి డ్యూక్ విలియం అనే యుద్ధనౌక ఎక్కిస్తారు. చట్టం ప్రకారం పట్టుకోవాల్సింది ఓడ పని తెలిసినవాళ్లనే, అయినా ఎవడు చూశాడు.

అంత ముఖ్యం కాదన్న ముక్కతోనే కేసు తేలింది, చూశారా! మీరెప్పుడైనా ఇలా వెతికించుకుంటే హీరో ఎవర్ని ఓడించాడో కాదు, ఓడెక్కకముందు ఏం చేసేవాడో, ఏం చేతకాదో అది చెప్పండి.

మరి డాక్టర్ స్నేహితుడు? కిడ్ స్నేహితుడు రెంజీ డాక్టర్ కాదు, బాగా చదువుకుని, మామూలు నావికుడిగా బతుకుతున్న గొప్పింటి మనిషి. ఆ మాట చెబితే మావాడు కాసేపు ఆలోచించి, "అవును, వాడే, ఎప్పుడూ ఏదో తత్వం మాట్లాడేవాడు" అని ఒప్పుకున్నాడు. వయొలిన్ మాత్రం పుస్తకంలోనే చదివానని ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాడు.