అన్నీ నరాలేనా?

నమస్కారం. పొలంలో కొడవలి జారి మణికట్టు కోసుకున్న మనిషిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు వెంట వచ్చినవారు చెప్పే మాట ఒక్కటే: "నరం తెగిపోయింది." విజయనగరంలోనైనా, శ్రీకాకుళంలోనైనా, పిక్క మీద నీలంగా ఉబ్బినదీ నరమే, మడమ వెనుక బిగుసుకున్నదీ నరమే, మెడ పట్టేసినా నరమే. ఈ ఒక్క మాట మీద నాకు చాలాకాలంగా ఉన్న చిరాకే ఈ వీడియోకు కారణం.

[తెరపై: గోగునార తాడు]

మన రెండు జిల్లాలలో గోగునార తెలియనివారు అరుదు కనుక తాడుతోనే మొదలుపెడతాను. నారను పురులుగా పేని, మూడు పురులను కలిపి మెలివేస్తే తాడవుతుంది. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనం, అంటే టెండాన్, ఇంచుమించు ఇదే పద్ధతిలో ఏర్పడుతుంది: కొల్లాజెన్ అనే మాంసకృత్తు అణువులోనే మూడు గొలుసులు పెనవేసుకొని ఉంటాయి, ఆ అణువులు పోగులై, పోగులు కట్టలై, కట్టలు తాడవుతాయి. మడమ వెనుక చేతికి తగిలే, సుమారు 15 సెంటీమీటర్ల అకిలిస్ స్నాయుబంధనంలో ఆ పోగులు కిందికి దిగేలోపు నిజంగానే మెలి తిరుగుతాయి. నూతిలో నీళ్లు తోడేటప్పుడు లాగేది చెయ్యి, కదిలేది చేద, ఆ బలాన్ని అందించేది తాడు. ఇక్కడ చెయ్యి కండరం, చేద ఎముక. అదే తాడుతో పాకలో వాసాన్ని దూలానికి బిగిస్తే అది సంధిబంధనం, అంటే లిగమెంట్. ఎముకను ఎముకకు కట్టి ఉంచడమే దాని పని.

నాడి, అంటే నర్వ్, కూడా కట్టలు కట్టలుగానే ఉంటుంది, కానీ అది దేనినీ లాగదు, కట్టదు, వార్తలు మోస్తుంది. పిక్క మీద ఉబ్బిన సిర, అంటే వెయిన్, అసలు తాడే కాదు, రక్తం పారే గొట్టం. లోపలి కవాటాలు సరిగా మూసుకోక రక్తం వెనక్కి జారి నిలిచిపోవడం వల్ల అది ఉబ్బుతుంది. దానికి నరాల బలం మాత్రలు మింగేవారిని చూస్తే నాకు కోపం కన్నా జాలి ఎక్కువ.

ఇక కొడవలి గాయం సంగతి. రక్తం ధారగా కారితే గొట్టం తెగినట్లు, వేలు వంగకపోతే చేదతాడు తెగి ఉండవచ్చు, వేలికొన మొద్దుబారితే నాడికి దెబ్బ తగిలి ఉండవచ్చు. మూడూ ఒకేసారి తెగవచ్చు కనుక, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి తీసుకువెళ్లి, వేలు వంగుతున్నదా, స్పర్శ తెలుస్తున్నదా అన్నది వైద్యునికి చెప్పండి.

[తెరపై: వెన్నుపాము, స్వరపేటిక, బొడ్డుతాడు]

సమయం మించిపోతున్నది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. వెన్నుపాము పేరుకు పాము, రూపానికి తాడు. పెద్దవారిలో సుమారు 45 సెంటీమీటర్లు ఉండి, నడుము పైభాగంలోనే ఆగిపోతుంది, అందుకే వెన్నునీరు తీసే సూదిని అంతకంటే కిందనే గుచ్చుతారు. గొంతులో ధ్వని పుట్టించే స్వరతంత్రులు తంత్రులు కావు, మడతలు. 1741లో ఫెరైన్ అనే ఫ్రెంచి వైద్యుడు వాటిని ఫిడేలు తీగలతో పోల్చినందువల్ల ఆ పేరు స్థిరపడింది. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు నేర్పిన విజయనగరంలో ఆ పోలికను కాదనడం నాకు కష్టమే. ఇక మనవాళ్లు తాడు అని పిలిచిన బొడ్డుతాడులో ఉన్నవన్నీ గొట్టాలే, రెండు ధమనులు, ఒక సిర. నొప్పి తెలిపే నాడులు లేనందువల్ల దానిని కోసినప్పుడు తల్లికీ బిడ్డకూ నొప్పి తెలియదు.