ఇల్లు చూసేటప్పుడు ముందు పెరట్లోకి నడవండి

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. ఇందాక మనం తిన్న పచ్చడిలో వేపపువ్వు గాంధీ బజార్‌లో కొని తెచ్చింది. మదనపల్లె దగ్గర మా ఊళ్లో అయితే అమ్మ పచ్చడి కలుపుతూ కేకేసేది, నేను పెరట్లోకి పరిగెత్తి పువ్వు దులుపుకొచ్చేవాణ్ణి. మీలో చాలామంది బెంగళూరులో ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్నారని తెలుసు. మీకు ఒక్కటే చెప్పాలని వచ్చాను. మూడో బెడ్‌రూమ్ ఉందా అని అడిగే ముందు, మీరు చెయ్యి పెట్టగలిగే నేల ఉందా అని చూడండి.

2016లో మేము తొమ్మిదో అంతస్తులో ఫ్లాట్ కొన్నాం. బ్రోషర్‌లో పెద్ద గార్డెన్ చూపించారు. అది నిజంగానే ఉంది. కాకపోతే బేస్‌మెంట్ పార్కింగ్ శ్లాబ్ మీద పోసిన మట్టి అది. రెండు మూడు అడుగులు దిగితే కాంక్రీటు. లాన్ పెరుగుతుంది, పూల మొక్కలు పెరుగుతాయి. వేప, మామిడి వేళ్లు ఎక్కడికి దిగుతాయి? ఊరి నుంచి వచ్చిన మా నాయన ఒకరోజు ఓ మూలన నాలుగు అనపగింజలు నాటారు. మొలకలు వచ్చిన వారానికే తోటపనివాళ్లు పీకేశారు. రూల్ అన్నారు, వాళ్లను తప్పు పట్టలేను. కానీ నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి ఆ రోజు నుంచి కిందికి దిగడమే మానేశారు. పగలంతా టీవీ ముందు కునుకు, రాత్రి నిద్ర లేదు. "నన్ను ఊరికి పంపించెయ్ రా" అనేవారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మూడేళ్లకు ఆ ఫ్లాట్ అద్దెకిచ్చేసి, బనశంకరిలో ఒక పాత ఇంటి కింది భాగంలోకి అద్దెకు మారాం. హాలు ఇరుకు, కారు రోడ్డు మీదే. వెనకాల మాత్రం పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు నేల. నాయనకు మొదటి వారమంతా ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఏరడంతోనే సరిపోయింది. తర్వాత పేడ ఎరువు, ఎండుటాకులు. ఏడాది తిరక్కుండా కరివేపాకు, బచ్చలి, దొండపాదు, గోడవార మునగ. గోంగూర అంటే మొహం తిప్పుకునే మా పాప, తాతతో కలిసి తన చేత్తో కోసిన రోజు నుంచి తింటోంది. చలికాలంలో ఇద్దరూ గిన్నె చుట్టూ కూర్చుని, నానిన అనపగింజలు పితుకుతూ ఊరి కబుర్లు చెప్పుకుంటారు. నాయన మళ్లీ రాత్రి తొమ్మిదింటికే నిద్రపోతున్నారు.

లాల్‌బాగ్ ఉంది కదా అంటారు కొందరు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. మేమూ వెళ్తాం, మనసు నిండుతుంది. కానీ పొయ్యి మీద పోపు చిటపటలాడుతుంటే కరివేపాకు రెబ్బ కోసుకురావడానికి అక్కడికి వెళ్లలేం కదా.

అలాగని తోట కోసం ఊరి చివరికి వెళ్లిపొమ్మనను. రోజుకు మూడు గంటలు ట్రాఫిక్‌లో గడిపి, చీకటిపడ్డాక ఇల్లు చేరేవాడికి ఆ తోట ఆదివారం మాత్రమే కనిపిస్తుంది. పిల్లల బడికి, ఆఫీసుకు దగ్గరలో ఉన్న చారెడు నేలే నాకు ఎక్కువ.

నీళ్ల టెన్షన్ సంగతి కూడా చెప్పాలి. 2024 మార్చిలో జలమండలి మొక్కలకు తాగునీరు వాడొద్దని, వాడితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. ఆ ఎండాకాలం మా పెరడు బియ్యం కడిగిన నీళ్లతో, కూరగాయలు కడిగిన నీళ్లతో బతికింది. ఒక లెక్క చూడండి. ఈ ఊళ్లో ఏడాదికి 900 మి.మీ. పైనే వాన పడుతుంది. అంటే 30×40 అడుగుల సైట్ మీద లక్ష లీటర్లు. ఇంటి చుట్టూ ఖాళీగా వదిలే సెట్‌బ్యాక్ జాగా కూడా వదలకుండా టైల్స్ పరిచేస్తే అదంతా రోడ్డు మీదికి పోతుంది. కాస్త మట్టి వదిలితే కొంతైనా నేలలోకి దిగుతుంది.

మిద్దె తోట వేద్దామనుకునేవాళ్లు ఒక్కసారి ఇంజనీరుని అడగండి. తడిసిన మట్టి ఒక ఘనపుటడుగు దాదాపు 50 కిలోలు తూగుతుంది. మామూలు మిద్దెను చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువుకే లెక్కగడతారు. అడుగు లోతు మట్టి పరిస్తే 500 కిలోలు దాటుతుంది. కొబ్బరి పొట్టు కలిపి, తేలిక కుండీలు దూలాల మీదుగా పెట్టుకోవడం మంచిది.

ఇల్లు చూడ్డానికి ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం వెళ్లండి. పక్క బిల్డింగు నీడ ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. వంటింట్లోంచి పెరట్లోకి తలుపు ఉందేమో చూడండి. తలుపు లేని పెరట్లోకి పెద్దవాళ్లు వెళ్లరు.

నాయన ఇవాళ నాతో వచ్చారు, అదిగో వెనక వరసలో కూర్చున్నారు. అనపగింజలు పొట్లాలు కట్టి తెచ్చారు. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. శ్రావణంలో నాటితే సంక్రాంతికి కాయ కోసుకోవచ్చు.